బొలుంబు తిప్పిన ప్లేటు

పెద్దనీళ్ళు వచ్చిపోయిన మూడో ఏడు. నది ఒడ్డున మా మొస్సాకా ఊళ్ళో పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ అన్నీ ఆ నీళ్ళ నుంచే లెక్క. ఫలానా పిల్ల నీళ్ళకు ముందు పుట్టింది, ఫలానా పడవ నీళ్ళ తర్వాత చేసింది అంటాం. ఆ ఏడు నది ఇళ్ళలోకి వచ్చి రెండు నెలలు కూచుంది. మంచం మీద మంచం పేర్చి పైన పడుకున్నాం. కింద చేపలు తిరిగేవి. పోయినవి పోయాయి, ఉన్నవి ఎండబెట్టుకున్నాం. మూడో ఏటికి గోడలు పూర్తిగా ఆరాయి. ఆదివారాలు డాన్సుకి జనం మళ్ళీ మునుపటంత మంది రావడం మొదలుపెట్టారు.

నాకప్పుడు ముప్పై ఎనిమిది. వారమంతా దుంగలు తొలిచి పడవలు చేసేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం బొలుంబు అక్క బారులో పాటల ప్లేట్లు వేసేవాణ్ణి. బారంటే రేకుల పందిరి, నాలుగు బెంచీలు, ఒక బల్ల. బల్ల మీద పాటల పెట్టె. దానికి ఆరు టార్చి బ్యాటరీలు.

ఆ రోజుల్లో పాట ఒక వైపు పట్టేది కాదు. బ్రజావిల్ నుంచి వచ్చేవీ, నది అవతలి ఒడ్డు నుంచి వచ్చేవీ, అన్ని ప్లేట్లూ అంతే. మొదటి వైపు పాడతారు. ఎవరో ఎవరినో వదిలేశారని, స్టీమరు ఆగకుండా పోయిందని. ఆ వైపు అయ్యేసరికి మాటలు అయిపోతాయి. ప్లేటు తిప్పితే రెండో వైపు గిటార్లు. అక్కడ మాటల్లేవు. అక్కడ పని నడుములకే.

అందుకని మా ఊళ్ళో రెండో వైపు అంటే అసలు సంగతి. ఫాదర్ గారి ప్రసంగం సాగుతుంటే వెనక బెంచీలో ముసలాళ్ళు, "రెండో వైపు ఎప్పుడో" అని గొణిగేవాళ్ళు. పిల్లనడగడానికి వచ్చినవాళ్ళు వానల గురించీ చేపల గురించీ మాట్లాడుతూ కూచుంటే పిల్ల మేనమామ, "ఇక ప్లేటు తిప్పండి నాయనా" అనేవాడు. మొగుడు పోయిన మనిషి మొదటిసారి నవ్విన రోజున, "అమ్మయ్య, రెండో వైపు మొదలైంది" అనుకునేవాళ్ళు. కొన్ని ఊళ్ళలో ప్లేటు ఫిరాయించడమంటే మాట తప్పడమట. మా ఊళ్ళో అది మాట నిలబెట్టుకోవడం.

నా గురించి మాత్రం వేరే మాట ఉండేది. "ఎలెంగా ప్లేటుకి రెండు వైపులా గీతలు లేవు" అనేవాళ్ళు. గీత లేకపోతే ముల్లు జారిపోతుంది, చప్పుడు రాదు. నేను పట్టించుకోలేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే తగిన ప్లేటు వేసేవాణ్ణి.

ఇంకో పద్ధతి చెప్పాలి. అది తెలియకపోతే ఈ కథ లేదు.

ప్లేటు తిప్పేటప్పుడు పాట ఆగుతుంది కదా. మొదట్లో ఆ సందులో జనం బెంచీల మీదికి పోయేవాళ్ళు. రెండో వైపు మొదలయ్యేసరికి ఒకడి జంటను ఇంకొకడు పట్టుకునేవాడు. తగాదాలు. సీసాలు పగిలేవి. చివరికి బొలుంబు అక్క కట్టడి పెట్టింది, ప్లేటు తిరిగేదాకా ఎవరి చోట వాళ్ళు నిలబడాలని. నిలబడ్డవాళ్ళు చెయ్యి వదిలి నిలబడేవాళ్ళు. కొందరు వదలకుండా నిలబడేవాళ్ళు. అట్లా వదలకపోవడానికి ఒక అర్థం వచ్చేసింది. ముల్లు లేచిన దగ్గర్నుంచి రెండో వైపు మొదలయ్యేదాకా మగవాడు చెయ్యి పట్టుకొనే ఉంటే అడిగినట్టు. ఆమె కూడా విడిపించుకోకపోతే, మా మేనమామ దగ్గరికి రమ్మన్నట్టు. వదిలితే ఏమీ లేదు, ఉత్త డాన్సు. చుట్టూ కూచున్నవాళ్ళు గట్టిగా లెక్కపెట్టేవాళ్ళు. నా చేతిలో ప్లేటు తిరగడానికి పది లెక్క.

ఎవడైనా కుర్రాడు వదలాలా వద్దా అని చెమటలు పడుతుంటే నేను ప్లేటును గుడ్డతో ఇంకో రెండుసార్లు తుడిచేవాణ్ణి. పన్నెండు, పదమూడు దాకా పోయేది లెక్క. అట్లా నా చేతి కింద పదకొండు పెళ్ళిళ్ళు అయ్యాయి.

నాది కాలేదు. ప్లేటు తిప్పేవాడు ఎవరి చెయ్యి పట్టుకుంటాడు?

అపెండి ఒబాంబి పెళ్ళాం. ఒబాంబి నీళ్ళు తీసిన మరుసటి ఏడు జ్వరంతో పోయాడు. మంచివాడు. ఆ తర్వాత రెండేళ్ళు అపెండి నల్లగుడ్డ కట్టుకుని బారు వాకిట్లో పొగబెట్టిన చేపలు అమ్మింది. మైలలో ఉన్న ఆడది డాన్సు చూడకూడదు కాబట్టి మాకు వీపు పెట్టి కూచునేది. నేను ప్రతి ఆదివారం రెండు చేపలు కొనేవాణ్ణి. ఎంత అని అడిగేవాణ్ణి కాదు. ఆమే చెప్పేది. "ఎలెంగా, నువ్వు మాట్లాడితే చేపలు లేచి నీళ్ళలోకి పోతాయని భయమా?" అనేది. నేను చేపలు తీసుకుని లోపలికి పోయేవాణ్ణి. ఆమె అంటే నాకెందుకు అంత ఇష్టమో ఇక్కడ రాయను. నోటితో చెప్పిన చోట రాస్తాను.

మైల తీసే ఆదివారానికి ముందు గురువారం. బొలుంబు అక్క నా పని దగ్గరికి వచ్చి, సగం తొలిచిన దుంగ మీద కూచుంది. భారీ మనిషి. దుంగ కదిలింది.

"ఆదివారం అపెండి మైల తీస్తున్నారు. తెలుసా?"

తల ఊపాను.

"గాస్పార్ దిగాడు. కొత్త బూట్లు. కొత్త ప్లేటు కూడా తెచ్చాడు, ఊళ్ళో ఎవరూ విననిది. వదిన చెయ్యి పట్టుకుని ఆ ప్లేటు తిప్పిస్తాడట. సోమవారం తన పడవలోనే బ్రజావిల్ తీసుకుపోతాడట. తిప్పేది ఎవరనుకున్నావు? నువ్వే."

గాస్పార్ ఒబాంబి తమ్ముడు. నది మీద సరుకులు తిప్పే వర్తకుడు. అన్న పోతే వదినను తమ్ముడు చేసుకోవడం మాలో ఉన్నదే, ఆమె ఒప్పుకుంటే. వాడు మాటకారి, నవ్విస్తాడు. వాడి మీద చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను బాడిత ఆపలేదు.

"చెప్పడానికి నీకేం లేదా?"

చెక్కపేళ్ళు ఎగిరాయి.

"మొద్దు. ఈ దుంగకీ నీకూ తేడా ఏంటో తెలుసా? దీన్ని తొలిస్తే పడవన్నా అవుతుంది."

"ప్లేటు తిప్పేది నేను," అన్నాను.

ఆమె రెండు చేతులూ పైకెత్తింది. "మాట్లాడాడు దేవుడా! అదా నీ బాధ? నువ్వు తిప్పుతుంటే ఆమె చెయ్యి ఎవడు పట్టుకోవాలనా?"

"అదే."

"నేను తిప్పుతా."

బాడిత ఆగింది. పెట్టె ఆమెదే అయినా, దాన్ని ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు. "నా చేతులకి చేపల జిడ్డు, అందులో గొంతులు జారిపోతాయి" అనేది.

"ఏం, అట్లా చూస్తావు? ఎనిమిదిమంది పిల్లల్ని తిప్పి తిప్పి కడిగినదాన్ని. ఒక ప్లేటు తిప్పలేనా?"

గురు, శుక్ర, శని, మూడు మధ్యాహ్నాలు నేర్పాను. ముందు అన్నం తినే రేకు పళ్ళెంతో. ముల్లు ఎత్తు. పక్కన పెట్టు. అంచులు పట్టుకో. తుడువు. తిప్పు. పెట్టు. ముల్లు దించు. ఇంతే. కానీ ఆమె వేళ్ళు అరటిపళ్ళంత. మొదటిరోజు నలభై లెక్క పట్టింది. రెండోరోజు ఒక పాత ప్లేటు పగిలింది. "పోనీలే, దాని రెండో వైపు ఎప్పుడూ బాగుండదు," అంది. మూడోరోజు పదహారుకు వచ్చింది.

"ఒక్కటి గుర్తు పెట్టుకో అక్కా," అన్నాను. "ముల్లు ఒకసారి దించాక మధ్యలో ఎత్తకూడదు. గీత పడుతుంది. ఏ వైపు మొదలైతే ఆ వైపు చివరిదాకా పోవాలి."

"ఈ మూడు రోజుల్లో నువ్వు మాట్లాడినంత నీళ్ళు వచ్చినప్పుడు కూడా ఎవరూ అరవలేదు," అంది. "ఇందులో సగం ఆ పిల్లతో అనకూడదూ?"

ఆదివారం పొద్దున్నే ముసలి ఇకియా అపెండిని రేవుకి తీసుకుపోయింది. ఇకియా ఒబాంబికీ గాస్పార్‌కీ పినతల్లి, ఆ ఇంటికి పెద్దదిక్కు. ఆడవాళ్ళు అపెండికి తలకు పోశారు. నల్లగుడ్డను నదిలో వదిలారు. మధ్యాహ్నం రెండింటికి అందరూ బారు పందిట్లో ఉన్నారు. మేకమాంసం, కర్రపెండలం ఆకుకూర, ఆకుల్లో చుట్టి ఉడికించిన కర్రపెండలం ముద్దలు, బీరు, కల్లు. ఎనభైమంది దాకా ఉంటారు.

అపెండి పసుపుపచ్చ గుడ్డ కట్టుకొని వచ్చింది. దాని మీద ఆకుపచ్చ పిట్టలు. బల్ల వెనక నుంచి ఆమె ముఖం ఎదురుగా చూడటం నాకు రెండేళ్ళలో అదే మొదలు. చేతిలో గుడ్డ జారి బ్యాటరీల మీద పడింది.

గాస్పార్ కొత్త ప్లేటు తెచ్చి నా చేతికిచ్చాడు. కాగితం సంచిలోంచి ఇంకా తీయలేదు.

"జాగ్రత్త ఎలెంగా అన్నా. బ్రజావిల్‌లో కూడా ఇది పదిమంది దగ్గరే ఉంది. తిప్పేటప్పుడు తొందరేం లేదు. హాయిగా తుడువు, ఊదు, ఎండబెట్టు." కన్ను కొట్టాడు. చుట్టూ నవ్వారు.

ప్లేటు మీద అంకె చూసి మొదటి వైపు పైకి పెట్టాను. ముల్లు బొలుంబు అక్క చేతికిచ్చి, బల్ల వెనక నుంచి బయటికి వచ్చాను.

బెంచీల మీదివాళ్ళు ఒకళ్ళ భుజం ఒకళ్ళు పొడిచారు.

"ఒంట్లో బాగాలేదేమో," అన్నారెవరో.

"బ్యాటరీలు అయిపోయి ఉంటాయి."

"పెట్టె దగ్గర బొలుంబు ఉంది. అందరూ దూరం జరగండర్రా!"

గాస్పార్ అప్పటికే వదిన ముందు చెయ్యి చాపి నిలబడ్డాడు. నేను పోయి వాడి పక్కన చెయ్యి చాపాను. అపెండి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నీకు కాళ్ళు కూడా ఉన్నాయా ఎలెంగా? ఆ బల్లవే నీ కాళ్ళనుకున్నాను ఇన్నాళ్ళూ."

జనం గొల్లుమన్నారు. ఆమె గాస్పార్ వైపు తిరిగింది. "మరిదీ, కాసేపు ఆగు. ఈయన బల్ల వెనక నుంచి రావడం నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ వస్తాడో రాడో."

గాస్పార్ మనసున్నవాడు. టోపీ తీసి వంగాడు. "అట్లాగే వదినా. మొదటి వైపు ఆయనది. ప్లేటు తిరిగే వేళకి చెయ్యి నాది. అందరూ విన్నారుగా?"

"విన్నాం!"

బొలుంబు అక్క ముల్లు దించింది. ఎవడో గొంతెత్తి స్టీమరును ఆగమంటున్నాడు. పాట బాగుంది. నేను బాగా ఆడలేదు, అది దాచను. పడవలో నిలబడ్డట్టు నిలబడి అటూ ఇటూ ఊగాను. అపెండి చుట్టూ తిరిగింది. రెండేళ్ళు మడిచిపెట్టిన కాళ్ళు, అయినా ఒక్క అడుగు తప్పలేదు. నేను ఒక్క మాటా అనలేదు. మాటలన్నీ ప్లేటులోవాడే పాడుతున్నాడు.

మొదటి వైపు అయిపోయింది. ముల్లు లేచింది. గాస్పార్ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

నేను వదల్లేదు.

"ఒకటి!" అన్నారు జనం. ఆ ఒకటి అన్న తీరులోనే అర్థమైంది, అందరికీ తెలిసిపోయిందని. "రెండు! మూడు!" ఇకియా కల్లు ముంత కింద పెట్టింది. అపెండి మా చేతుల వంక చూసింది. విడిపించుకోలేదు. గట్టిగా పట్టుకోనూ లేదు. చచ్చిన చేపలా ఉంది ఆమె చెయ్యి నా చేతిలో. "తొమ్మిది! పది!"

బల్ల దగ్గర బొలుంబు అక్క పెదవులు కదులుతున్నాయి. ప్లేటు ఎత్తింది. తుడిచింది. తిప్పింది. అక్కడితో పెట్టేయాలి. కానీ ఎదురుగా ఊరి పెద్దలు, ఇకియా, కొత్త ప్లేటు. వంటింట్లో మా ఆడవాళ్ళెవరూ పళ్ళాన్ని ఒక వైపే తుడిచి చుట్టం ముందు పెట్టరు. ఆమె రెండో వైపు కూడా తుడిచింది. అంత చక్కగా తుడిచాక, తుడిస్తే తిప్పాలి కదా అని, మళ్ళీ తిప్పింది.

"పదిహేను! పదహారు!"

ముల్లు దిగింది. గిటార్ల కోసం అందరి భుజాలూ లేచాయి.

ఎవడో గొంతెత్తి స్టీమరును ఆగమన్నాడు.

"అదే వైపు!" "అక్కా, అదే వైపు పెట్టావు!" "తియ్యి, తియ్యి!" ఇద్దరు లేచారు. బొలుంబు అక్క పెట్టె మీద రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది.

"ఎవడన్నా దగ్గరికొచ్చాడో, నదిలో పారేస్తా! మొదలైన వైపు మధ్యలో ఎత్తకూడదు. గీత పడుతుంది. ఎలెంగా చెప్పాడు. చివరిదాకా పోవాల్సిందే."

చేసేది లేదు. రెండో వైపు వచ్చేదాకా ఎవరి చోట వాళ్ళు. గాస్పార్ చెయ్యి దించితే వదులుకున్నట్టు. అందుకని చాపిన చెయ్యి చాపినట్టే నిలబడ్డాడు, రేవులో కట్టుగుంజలా. జనం నవ్వుతున్నారు. ఆ గోలలో అపెండి నా చెవి దగ్గర నెమ్మదిగా మాట్లాడింది. నవ్వడం లేదు.

"ఎలెంగా, ఎందుకు వదల్లేదో నాకు తెలుసు. కానీ పట్టుకుంటే చాలదు. ఒబాంబి కూడా పట్టుకున్నాడు, ఇదే పందిట్లో. మంచివాడు, చెడ్డమాట అనలేదు. మంచిమాటా అనలేదు. ఏడేళ్ళు ఆ ఇంట్లో నా గొంతు నేనే విన్నాను. కుండలతో మాట్లాడాను. ఇంకో ఏడేళ్ళు కుండలతో మాట్లాడను. ఈ వైపు అయిపోయేలోపు నీ గొంతు వినిపించు. లేకపోతే ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుంటా. వాడు నిద్రలో కూడా మాట్లాడతాడు."

ఒక వైపంటే మూడు నిమిషాల పైచిలుకు. అప్పటికే పాటలో స్టీమరు రేవు దాటింది.

ఏ ప్లేటులో ఏముందో నాకు తెలుసు. అందులో ఏదీ పనికిరాదు.

"నీ బొటనవేలు," అన్నాను.

"ఏంటి?"

"కుడికాలి బొటనవేలు. ఆదివారాలు నువ్వు మాకు వీపు పెట్టి కూచునేదానివి. రెండో వైపు వేస్తే, గుడ్డ కింద నీ బొటనవేలు ఆడేది. నేను బల్ల వెనక నుంచి చూసేవాణ్ణి. దాని కోసం రెండో వైపు రెండుసార్లు వేసేవాణ్ణి. ముల్లు సరిగా పడలేదని అబద్ధం చెప్పేవాణ్ణి."

ఆమె చెయ్యి కదిలింది.

"ఇంకా," అంది.

ఇంకా చెప్పాను. పడవ చెక్కేటప్పుడు ముక్కు దగ్గరకి వచ్చేసరికి ఆమె గుర్తొస్తుందని చెప్పాను. ఎందుకని అడిగింది. ముక్కు సరిగా లేకపోతే పడవ నీళ్ళతో పోట్లాడుతుంది, నువ్వు ఎవరితో పోట్లాడినా నవ్విస్తూ పోట్లాడతావు అన్నాను. నీళ్ళు వచ్చిన ఏడు రాత్రీ పగలూ మా అమ్మను వీపున మోసిన సంగతి చెప్పాను. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మ పోయాక ఇంట్లో పొయ్యి మూడు నెలలు వెలిగించలేదని చెప్పాను. నేను మాట్లాడకపోవడం కోపంతోనో గర్వంతోనో కాదని, ఒక మాట అనేలోపు జనం ఇంకో మాటలోకి పోతారని, నా మాట ఒడ్డునే ఉండిపోతుందని చెప్పాను. ఒక్కసారి కట్టు తెగాక ఆగలేదు. ఎక్కడినుంచి వచ్చాయో అన్ని మాటలు. పెట్టెలోవాడు గట్టిగా పాడుతున్నాడు కాబట్టి నేను వాడికన్నా గట్టిగా చెబుతున్నాను. చుట్టూ నవ్వు ఎప్పుడు ఆగిందో చూసుకోలేదు. పాట ఎప్పుడు అయిపోయిందో కూడా వినలేదు.

ప్లేటు ఉత్తినే తిరుగుతోంది. ముల్లు చివర కిరకిరమంటోంది. బొలుంబు అక్క నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది, ముల్లెత్తడం మరిచిపోయి. ఎనభైమంది ఊపిరి బిగబట్టిన పందిట్లో నేను గొంతెత్తి అరుస్తున్నాను:

"ఆ చేపలు నేను తినలేదు అపెండీ! నాకు పొగచేప పడదు! రెండేళ్ళుగా మా కుక్క తింటోంది!"

అప్పుడు వినపడింది నాకు, నా గొంతు ఒక్కటే.

నవ్వులకి పందిరి లేచిపోయింది. బెంచీ ఒకటి వెనక్కి పడింది, మీదున్నవాళ్ళు లేవలేదు, కింద పడే నవ్వారు. ఒకామె ముక్కులోంచి బీరు వచ్చింది. "ఆ బలిసిన కుక్క ఇందుకా!" "రెండు ఇళ్ళ దూరం నడవలేకపోతోంది పాపం!" అపెండి రెండో చేత్తో కడుపు పట్టుకుని వంగిపోయింది. కళ్ళమ్మట నీళ్ళు.

"రెండేళ్ళు! నా చేపలు! కుక్కకా!"

"ఆదివారం ఆదివారం," అన్నాను.

"నేను పొగబెట్టి వండితే తింటావా?"

"తింటాను."

"అబద్ధం."

"అబద్ధమే."

ఆమె ఇంకా నవ్వుతోంది. అప్పుడు చూశాను. ఆమె వేళ్ళు నా వేళ్ళను నొప్పి పుట్టేలా పట్టుకున్నాయి.

గాస్పార్ కూడా నవ్వాడు గానీ చెయ్యి దించలేదు. ఇకియా వైపు తిరిగాడు. "పిన్నీ, నువ్వే చెప్పు. ఇది చెల్లుతుందా? రెండో వైపే రాలేదు. ప్లేటు తిరగనే లేదు!"

"తిరగలేదా?" బొలుంబు అక్క బల్ల గుద్దింది. "రెండుసార్లు తిప్పాను! ఈ రెండు చేతులతో! కళ్ళు బూట్ల మీద పెట్టుకుంటే ఏం కనపడుతుంది నీకు?"

అందరూ ఇకియా వంక చూశారు. ఆమె కల్లు ముంత ఎత్తి నిదానంగా తాగింది. మూతి తుడుచుకుంది.

"నాయనా గాస్పార్," అంది. "ఈ ఊళ్ళో ఒక తిప్పుకి చెయ్యి వదలనివాళ్ళకి పదకొండు పెళ్ళిళ్ళు చేశాం. వీళ్ళు రెండు తిప్పులకీ, ఆపైన ఒక వైపు మొత్తానికీ వదల్లేదు. ఇది చెల్లదంటే ఆ పదకొండు జంటలనీ విడగొట్టాలి. నా వల్ల కాదు, ఎండ ఎక్కువగా ఉంది." మళ్ళీ ఇంకో గుక్క తాగింది. "పైగా ఈ మొద్దు నోట ఇన్ని మాటలు పలికించిన ఆడదాన్ని నీతో పంపితే, నీకు మాట్లాడటానికి సందు దొరుకుతుందనుకున్నావా?"

"అయితే నా చెయ్యి?" అన్నాడు గాస్పార్. "ఇంతసేపు చాపాను పిన్నీ. తిమ్మిరెక్కింది."

"చాపిన చెయ్యి వట్టిగా పోకూడదు." ఇకియా లేచింది. డెబ్భై ఏళ్ళ మనిషి. పోయి వాడి చెయ్యి పట్టుకుంది. "పద. బొలుంబూ, ఈసారి ఒక్కసారే తిప్పు తల్లీ, తుడవకపోయినా పరవాలేదు."

గిటార్లు వచ్చాయి. గాస్పార్ తెచ్చిన ప్లేటు మంచిది, అది ఒప్పుకోవాలి. రెండో వైపు అంత బాగున్న ప్లేటు నేను తర్వాత కూడా ఎక్కువ చూడలేదు. పడ్డ బెంచీ మీదివాళ్ళు లేచి ఆడారు. ఇకియా గాస్పార్‌ని మూడు చుట్లు తిప్పి, వాడు రొప్పుతుంటే తిట్టింది. బొలుంబు అక్క పెట్టె వదలకుండా బల్ల వెనకే తనొక్కతే ఆడింది, బల్ల కూడా ఆడింది. అపెండి పక్కన నేను ఊగాను. కాళ్ళు కొంచెం కదిలాయి.

"చేతులు కూడా కదుపు," అంది. "తొలుస్తున్నావా ఆడుతున్నావా?"

కదిపాను.

చీకటి పడకముందే అందరూ ఇళ్ళకు బయలుదేరారు. గాస్పార్ ప్లేటు నా చేతికే ఇచ్చాడు. "ఉంచుకో అన్నా. పెళ్ళికి వేద్దువుగాని. నేను మాత్రం దీన్ని మొదటి వైపు మళ్ళీ వినలేను." అపెండి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని, "మా మేనమామ మొబొండా ఇప్పుడు పాయ అవతల చేపల గుడిసెల దగ్గర ఉన్నాడు," అంది. "చెవులు మంచివే. కాబట్టి మాటలే కావాలి." పిట్టల గుడ్డతో ఒడ్డమ్మట నడిచిపోయింది. మలుపు దాకా ఆమె నవ్వు వినపడింది. కుక్క సంగతే అనుకుంటాను.

అప్పట్నుంచి మా ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. పొరపాటున జరిగి మంచికి వచ్చిన పని ఏదైనా సరే, దాన్ని బొలుంబు తిప్పుడు అంటారు. వల తప్పు చోట వేస్తే పెద్ద చేప పడిందనుకో, బొలుంబు తిప్పుడు. స్టీమరు తప్పిపోయి, ఆ స్టీమరు ఇసుకలో కూరుకుపోయిందనుకో, అదీ. ఇప్పుడు ప్లేట్లు లేవు, పిల్లలకు ముల్లంటే ఏంటో తెలియదు. మాట మాత్రం ఉంది. ఆమె బతికున్నన్నాళ్ళూ ఆ మాట విన్నప్పుడల్లా, "నేను సరిగ్గానే తిప్పాను, ప్లేటే తప్పు" అనేది.

మర్నాడు నేను కోడి కూయకముందే లేచాను. రెండు బుడ్ల కల్లు పడవలో పెట్టాను. పాయ దాటడానికి పూటంతా పట్టింది. తెడ్డు వేస్తూ చెప్పాల్సినవి బయటికే చెప్పుకున్నాను, కొంగలు లేచిపోయాయి. మొబొండా ఒడ్డున కూచుని చేపలు చీలుస్తున్నాడు. పడవ ఇంకా నీళ్ళలో ఉండగానే, నేను ఎలెంగానని, పడవలు చేస్తానని, ఆయన మేనకోడలిని అడగడానికి వచ్చానని గట్టిగా చెప్పాను. ఇంకా చాలా చెప్పాను. ఆయన కత్తి పక్కన పెట్టి అంతా విన్నాడు.

"ముందు పడవని గుంజకి కట్టు," అన్నాడు.

కట్టాను.